బీ బ్లాకు మూడో అంతస్తు వారికి మనవి

నేను ఒక గొంతును. గొంతు తప్ప నాకు వేరే ఒళ్ళు లేదు. ముందువైపు ఉమ్మెత్తపువ్వులా విచ్చుకున్న మూతి, వెనకవైపు మనుషులు నోరు ఆనించే చిన్న జల్లెడ, కింద పిడి, పిడికి ఒక మీట. కడుపులో లావుపాటి బ్యాటరీలు. మీట నొక్కి ఎవరేం గొణిగినా నేను దాన్ని వీధంతటికీ అరిచి చెబుతాను. లోకం నన్ను చేతి మైకు అంటుంది.

ఢిల్లీ శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. అక్కడ ఒక అమ్మాయి మాలో ఒక్కొక్కరినీ నోటిదగ్గర పెట్టుకుని "హలో" అని, మేము పలికితే ప్లాస్టిక్ సంచి తొడిగి పెట్టెలో పడేసేది. మనుషులు పుట్టగానే ఏడుస్తారు. మేము పుట్టగానే హలో అంటాం. ఆ తరవాత బతుకంతా రెండువైపులా అరుపులే.

విశాఖపట్నంలో నా మొదటి యజమాని వార్డు ఎన్నికల్లో నిలబడ్డ ఒక పెద్దమనిషి. నా నోటితో ఆయన కాలవలు బాగుచేయించాడు, దోమల్ని చంపించాడు, కొళాయిల్లో రోజంతా నీళ్ళు వదిలాడు. ఓడిపోయాడు. ఓడిపోయాక కూడా కొన్నాళ్ళు నన్ను మంచం పక్కనే ఉంచుకుని, కాఫీ కావలసినప్పుడు వంటింటివైపు తిప్పి అరిచేవాడు. ఆయన లేనప్పుడు చూసి ఆయన భార్య నన్ను ఒక డ్రిల్లు మాస్టారికి ఇచ్చేసింది. ఆ మాస్టారి సొంత గొంతు నాకన్నా పెద్దది. ఆయన పక్కన నేను ఒట్టి అలంకారం. అట్లా అలంకారంగానే ముసలిదాన్నై, పాత సామాన్ల కొట్టుకు చేరాను. అక్కణ్ణుంచి నన్ను బయటికి తెచ్చింది నూకరత్నం.

నూకరత్నం సముద్రం ఒడ్డున జాలరిపేట మనిషి. మూడు చక్రాల బండి మీద ఎండుచేపలు పెట్టుకుని ఊళ్ళోకి వస్తుంది. ఆమె నన్ను కొన్న మొదటిరోజే తన గొంతు నాలో రికార్డు చేసింది. "ఎండుచేపలమ్మా ఎండుచేపలు! నెత్తళ్ళమ్మా నెత్తళ్ళు! సముద్రం నీ గుమ్మంకాడి కొచ్చేసిందమ్మా!" అని. బాగా పలికిందని మురిసిపోయి మళ్ళీ నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఆ మురిపెంలో లోపల ఏదో ఇరుక్కుపోయింది. అప్పట్నుంచి ఎవరు మీట నొక్కినా ముందు ఆ మూడు ముక్కలూ పలకాల్సిందే. ఆ తరవాతే వాళ్ళ మాటకు దారి. నూకరత్నానికి దాంతో ఇబ్బంది లేదు. ఆమె చెప్పదలచుకున్నదీ అంతే.

పెనుగాలి వస్తోందని తెలిసినప్పుడు అధికారులు జాలరిపేటను ఖాళీ చేయించి, అందరినీ కొండవైపు ఒక బడిలోకి తరలించారు. నూకరత్నం పోతూ పోతూ నన్ను సింధుజ ఎన్‌క్లేవ్ అనే అపార్టుమెంట్ల కాపలాదారు గదిలో దించింది.

"బళ్ళో పెడితే పిల్లలు పాడు సేసేత్తారు గున్నయ్యా. నీకాడ ఉంచు. గాలి ఎల్లిపోయాక నానొచ్చి తీసుకుంతాను," అంది.

"నువ్వు జాగర్తప్పా. మైకుకేటవుద్ది," అన్నాడు గున్నయ్య.

ఆ గాలి గురించి నేను ఎక్కువ చెప్పను. అరవడంలో నాకు కొంచెం పేరుంది. ఆ మధ్యాహ్నం ఆ పేరు పోయింది. మర్నాడు పొద్దున్న గున్నయ్య తలుపు తోసుకుని బయటికి వచ్చేసరికి వీధిలో ఒక్క కరెంటు స్తంభం నిటారుగా లేదు. ఎదుటి మేడ మీది సెల్‌టవరు నడుముదగ్గర వంగి, కిందికి చూస్తూ దేన్నో వెతుక్కుంటున్నట్టుంది. చెట్లు కార్ల మీద పడుకున్నాయి. మోటారు ఆడదు కనక పై ట్యాంకులో నీళ్ళు లేవు. లిఫ్టు ఏ అంతస్తులోనో ఆగిపోయింది. ఫోన్లలో గీతలన్నీ మాయమయ్యాయి.

మనుషులు ముందు డాబా ఎక్కారు. ఫోన్లు ఆకాశానికి ఎత్తి, చంద్రుణ్ణి చూసి ఉపవాసం విడిచేవాళ్ళలా అన్ని దిక్కులకూ తిరిగారు. ఏమీ దొరక్క కిందికి దిగి ఫ్రిజ్జులు తెరిచారు. మూడు బ్లాకుల్లోనూ ఆ పూట పిల్లలకు ఐస్‌క్రీమే ఫలహారం. పులిసిపోతుందన్న భయంతో ప్రతి ఇంటివాళ్ళూ ఉన్న పిండంతా దోసెలు పోసి పక్కింటికి పంపారు. పక్కింటివాళ్ళూ అదే పని చేశారు. దోసెలు గుమ్మాల మధ్య ఎదురెదురుగా నడిచాయి.

కానీ అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నది పేరి విశ్వపతిగారు.

ఈయన బ్యాంకులో మేనేజరుగా రిటైరై, అపార్టుమెంట్ల సంఘానికి కార్యదర్శి అయ్యారు. అంతకన్నా ముఖ్యంగా "సింధుజ కుటుంబం" అనే వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్. తెల్లారగానే ఒక పువ్వూ ఒక సూక్తీ పెట్టి కాలనీ అంతటికీ శుభోదయం చెప్పేవారు. ఎవరు ఎక్కడ చెత్త వేసినా, ఎవరి కారు ఎవరి గీత దాటినా ఆ గ్రూపులోనే తీర్పు. ఆ ఒక్క తెర ఆరిపోయేసరికి ఆయన వరండాలో అటూ ఇటూ తిరుగుతూ బొటనవేలితో గాలిలో ఏదో నొక్కుతుండటం గున్నయ్య చూశాడు.

ఇంకో సంగతి కాలనీలో అందరికీ తెలుసు. విశ్వపతిగారూ, ఆయన భార్య కాత్యాయనిగారూ వేసవినుంచి మాట్లాడుకోవడం లేదు.

ఆ వేసవిలో ఒకరోజు ఆయన గ్రూపులో మందారపువ్వు పెట్టి "ఆరోగ్యమే మహాభాగ్యం" అని రాశారు. దాని కింద కాత్యాయనిగారు, "ఆ మహాభాగ్యానికి పక్క గదిలో జ్వరంగా ఉంది. ఎవరైనా ఒక గ్లాసు మంచినీళ్ళు పంపగలరు," అని రాశారు. కాలనీ అంతా విరగబడి నవ్వుతున్న బొమ్మలు పెట్టింది. నాలుగైదు ఇళ్ళవాళ్ళు నిజంగానే గ్లాసులతో వచ్చి తలుపు తట్టారు. విశ్వపతిగారికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే భార్యను గ్రూపులోంచి తీసేశారు.

"నన్ను మళ్ళీ చేర్చేదాకా మాట్లాడను," అందావిడ. "క్షమాపణ చెబితే చేరుస్తాను," అన్నాడీయన. అవి వాళ్ళు నోటితో అనుకున్న ఆఖరి మాటలు. ఆ పైన సంసారమంతా ఫోన్లో నడిచింది. "కాఫీ బల్ల మీద ఉంది." "పాలవాడు వచ్చాడు." "తలుపు వేసుకోగలరు." ఒకే ఇంట్లో, గోడకు ఇటొకరూ అటొకరూ. ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్ళు ఓడినట్టు. ఇద్దరిలో ఓడే అలవాటు ఎవరికీ లేదు.

ఇప్పుడు ఆ ఫోన్లు చచ్చిపోయాయి.

ఆ పొద్దున్న విశ్వపతిగారికి సుగరు మాత్రలు కనబడలేదు. అలమర వెతికారు, బల్ల సొరుగు వెతికారు. కాత్యాయనిగారు వరండాలో నిలబడి పడిపోయిన చెట్టును చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారు. ఆవిడ తల తిప్పలేదు. ఆయన నోరు తెరిచారు, మూశారు, చెప్పులు వేసుకుని మెట్లు దిగి గున్నయ్య గదిలోకి వచ్చారు. అక్కడ నేను కనబడ్డాను.

"ఇది పనిచేస్తుందా?"

"సేత్తాది బాబు. కాపోతే..."

ఆయన వినలేదు. నన్ను తీసుకుని మూడు బ్లాకుల మధ్య ఆవరణలోకి వచ్చి, గొంతు సరిచేసుకుని, మీట నొక్కారు.

"ఎండుచేపలమ్మా ఎండుచేపలు! నెత్తళ్ళమ్మా నెత్తళ్ళు! సముద్రం నీ గుమ్మంకాడి కొచ్చేసిందమ్మా!"

కాలనీలో సగంమంది గిన్నెలు పట్టుకుని కిందికి పరుగెత్తారు. తక్కిన సగం పిల్లల్ని చంకనేసుకుని పైకి పరుగెత్తారు. మెట్ల మీద ఇద్దరూ ఎదురుపడి, "చేపలు కింద!" అని కొందరూ "సముద్రం కింద!" అని కొందరూ అరుచుకున్నారు. ఆ గలాటా సర్దుకునేదాకా విశ్వపతిగారు నన్ను దూరంగా పట్టుకుని నిలబడ్డారు. ఆయన ఇంట్లో ఉల్లిపాయ కూడా వారం చూసి తరుగుతారు. అటువంటి మనిషి చేతిలోంచి నెత్తళ్ళు బయటికొచ్చాయి.

"ముందు వచ్చిన ప్రకటనకు సంఘం బాధ్యత వహించదు," అన్నారాయన. "అందరికీ శుభోదయం. గాలి వచ్చింది, పోయింది. ధైర్యమే ధనం." కాస్త ఆగారు. "బీ బ్లాకు మూడో అంతస్తు వారికి ఒక మనవి. సుగరు మాత్రలు ఎక్కడ ఉంచినదీ తెలియజేయగలరు."

బీ బ్లాకు మూడో అంతస్తులో ఉన్నది ఆయన ఇల్లొక్కటే. ఎదుటి వాటా ఖాళీ.

మూడు బ్లాకులూ తలలెత్తి పైకి చూశాయి. కాత్యాయనిగారు లోపలికి వెళ్ళారు. కాసేపటికి కూరగాయలు పైకి లాగే తాడుబుట్ట ఊగుతూ కిందికి దిగింది. అందులో మాత్రల పట్టీ ఉంది. విశ్వపతిగారు దాన్ని తీసుకున్నారు. బుట్ట పైకి పోలేదు. తాడు రెండుసార్లు కదిలింది, ఇంకా ఏదో కావాలన్నట్టు. ఆయన ఆలోచించి, నన్ను బుట్టలో పెట్టారు.

గాలిలో ఊగుతూ మూడంతస్తులు ఎక్కాను. నన్ను అందుకున్న చేయి పసుపు వాసన వేసింది.

"ఎండుచేపలమ్మా ఎండుచేపలు! నెత్తళ్ళమ్మా నెత్తళ్ళు! సముద్రం నీ గుమ్మంకాడి కొచ్చేసిందమ్మా!" అని నేను అరిచాక, కాత్యాయనిగారు నెమ్మదిగా అన్నారు. "కార్యదర్శిగారికి మనవి. మాత్ర అన్నానికి ముందు వేసుకోవలెను. దోసెలు నాలుగు తిని వేసుకోవడం కాదు."

‘ఏ’ బ్లాకులో ఎవరో చప్పట్లు కొట్టారు.

అట్లా మొదలైంది. మైకులో చెబితే అది మాట్లాడటం కిందికి రాదు, ప్రకటన కిందికి వస్తుందని ఇద్దరూ, ఒకరికొకరు చెప్పుకోకుండానే, ఒప్పుకున్నారు. నేను రోజంతా బుట్టలో ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. "బీ బ్లాకు మూడో అంతస్తు వారికి మనవి. ట్యాంకరు వస్తోంది, బిందెలు పంపగలరు." "కార్యదర్శిగారికి మనవి. లుంగీ తిరగేసి కట్టుకున్నారు." కరెంటు లేక టీవీ సీరియళ్ళు ఆగిపోయిన కాలనీ వరండాల్లో కుర్చీలు వేసుకుంది. నేను పైకి పోతుంటే తలలు పైకి, కిందికి వస్తుంటే కిందికి.

మిగతావేళల్లో విశ్వపతిగారు గ్రూపును నాతో నడిపారు. పొద్దున్నే సూక్తి. దానికి జనం వరండాల్లోంచి దండాలు పెట్టాలి, లేకపోతే బొటనవేలు చూపాలి. సీ బ్లాకులో ఒకాయన, ఇంకో తుఫాను బయల్దేరిందట, మా బావమరిది చెప్పాడని అరిచాడు. అది ఇంటినుంచి ఇంటికి పాకి, అరగంటలో తిరిగి ఆయనకే చేరింది. నిజమే కాబోలని ఆయనే ముందు భయపడ్డాడు. విశ్వపతిగారు మీట నొక్కి, నెత్తళ్ళు అయ్యాక, "పై సమాచారాన్ని తొలగించడమైనది," అన్నారు. ఆవరణలో రాజకీయాలు మాట్లాడిన ఒకాయన్ని చూపుడువేలుతో తొలగించారు. పాపం ఆయన గేటు బయట కాసేపు నిలబడి, ఇంక ఎక్కడికి పోవాలో తెలియక మళ్ళీ లోపలికి వచ్చాడు.

వంశీధర్ అని సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు ఏ బ్లాకులో ఉండేవాడు. ఇంట్లోంచే ఉద్యోగం. నెట్టు పోయిన దగ్గర్నుంచి ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వాటర్ ట్యాంకు మీదే కాపురం. ఒక సాయంత్రం నన్ను అడిగి తీసుకుని, ట్యాంకు ఎక్కి, బెంగళూరు ఎటువైపో అందరినీ అడిగి, అటు తిరిగి నన్ను నోటికి పెట్టుకున్నాడు. నా వంతు నేను అరిచాను. "సార్, నేను వంశీని. లాగిన్ అవలేకపోతున్నాను సార్," అన్నాడు. కాసేపు చెవి రిక్కించి విన్నాడు. తరవాత దిగి వచ్చి, మనసు కొంచెం తేలికపడిందన్నాడు.

ఇంత వేడుకలోనూ ఒకరోజు కాత్యాయనిగారి గొంతు మారింది. నన్ను పైకి లాక్కుని, నా అరుపు అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి చెప్పారు.

"కాలనీవారికి మనవి. రోడ్లు బాగయి బస్సులు తిరగ్గానే నేను రాజమండ్రిలో మా చెల్లెలి ఇంటికి పోతున్నాను. తిరిగి వచ్చే ఉద్దేశం లేదు. పాలవాడికి చెప్పగలరు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బుట్ట దిగింది. విశ్వపతిగారు నన్ను తీసుకోవడానికి తటపటాయించారు.

"బీ బ్లాకు వారికి మనవి. గ్రూపులో చేర్చడానికి అడ్మిన్ సిద్ధంగానే ఉన్నాడు. నెట్టు లేదు."

బుట్టలో పైకి వెళ్ళాను. "నెట్టు ఉన్నన్నాళ్ళూ అడ్మిన్ సిద్ధంగా లేడు."

దిగాను. "సాంకేతిక కారణాలవల్ల..."

ఎక్కాను. "కారణాలు నాకు తెలుసు."

కాలనీ రెండుగా చీలింది. నెట్టు లేనప్పుడు మనిషేం చేస్తాడని కొందరు, వేసవినుంచి ఏం చేశాడని కొందరు. చివరికి వంశీధర్ ఒక ఉపాయం చెప్పాడు. సభ్యులందరూ ఆవరణలోనే ఉన్నారు కాబట్టి గ్రూపు ఇక్కడే ఉన్నట్టు లెక్క. ఆవిడ కిందికి దిగివచ్చి మధ్యలో నిలబడితే, అడ్మిన్ నోటితో చేర్చుకుంటే, చేరినట్టే. అందరికీ నచ్చింది. ఎవరో పసుపూ కుంకుమా కూడా తెచ్చారు. విశ్వపతిగారు నన్ను పైకెత్తి, ఎండుచేపల తరవాత, "ఇందుమూలంగా శ్రీమతి పేరి కాత్యాయనిగారిని సింధుజ కుటుంబంలో చేర్చుకోవడమైనది," అని ప్రకటించారు. జనం బొటనవేళ్ళు ఎత్తారు.

కాత్యాయనిగారికి అప్పుడు మైకు అవసరం పడలేదు. వరండాలోంచి వంగి, అందరికీ వినబడేట్టు అన్నారు.

"అది గ్రూపు కాదు. ఆవరణ."

మర్నాడు పొద్దున్న గున్నయ్య బయటినుంచి వార్త తెచ్చాడు. "హైవే మీద పడ్డ సెట్లన్నీ తీసేసినారు బాబు. రాజమండ్రి బస్సులు తిరుగుతున్నాయట." ఆ మాట అతను విశ్వపతిగారికి మెల్లిగానే చెప్పాడు. కానీ అప్పటికి కాలనీకి మెల్లిగా చెప్పినవి వినడం బాగా అలవాటైపోయింది. కాసేపట్లో మూడో అంతస్తు వరండాలో కాత్యాయనిగారు పెట్టెలో చీరలు సర్దడం అందరికీ కనిపించింది.

విశ్వపతిగారు నన్ను అందుకున్నారు. రెండుసార్లు నోటిదాకా తెచ్చి దించారు. ఎప్పుడూ నిలబడే చోట కాకుండా, సరిగ్గా తన వరండా కిందికి వచ్చి నిలబడ్డారు. చుట్టూ కుర్చీలు జరిగిన చప్పుడు.

మీట నొక్కారు. నా పరిస్థితి నాకు అప్పుడే అర్థమైంది. ఇన్నాళ్ళ కాపురానికి నా బ్యాటరీలు నీరసించిపోయాయి.

"ఎం...డు...చే...ప...ల...మ్మా..." అని నేను ముసలి ఎద్దులా మూలిగాను. నెత్తళ్ళ దగ్గరికి వచ్చేసరికి నాకు ఆయాసం వచ్చింది. సముద్రం గుమ్మందాకా రాలేకపోయింది. ఆయన కళ్ళు మూసుకుని ఓపిక పట్టారు. ఆ తరవాత చెప్పారు. ఏం చెప్పారో నాకు తెలుసు. అది నాలోనుంచే పోవాలి. కానీ నాలోనుంచి బయటికి వచ్చింది "బీ బ్లాకు... నా తప్... గుర్ర్ర్... క్ష..." అంతే.

పైన కాత్యాయనిగారు పెట్టె వదిలి కటకటాల దగ్గరికి వచ్చారు. "వినబడలేదు," అన్నారు.

"మాకూ వినబడలేదండీ," అంది ఏ బ్లాకు.

"చివరి మాట క్షమా, క్షవరమా?" అని అడిగింది సీ బ్లాకు.

ఆయన మళ్ళీ నొక్కారు. నేను పలకలేదు. మూతి మీద తట్టారు. కడుపు విప్పి బ్యాటరీలు తీసి లుంగీకి తుడిచి పెట్టారు. గున్నయ్య తన టార్చిలోవి తెచ్చాడు. అవి అంతకుముందే చచ్చాయి. వంశీధర్ కారు బ్యాటరీకి తీగలు కలపొచ్చన్నాడు. కారు మీద చెట్టుంది.

చుట్టూ చూశారు విశ్వపతిగారు. మూడు బ్లాకుల జనం, అన్ని వరండాల్లోనూ, ఊపిరి బిగబట్టి ఆయన నోటివైపే చూస్తున్నారు. ఆయన నన్ను చంకలో ఇరికించుకుని బీ బ్లాకు మెట్లవైపు నడిచారు. ఆయన మోకాళ్ళకు డాక్టరు మెట్లు నిషేధించి చాలా కాలమైంది. ఈ గాలి వచ్చాక ఎక్కుతున్నారుగానీ, ప్రతిసారీ మధ్యలో కూర్చుంటారు. ఈసారి మొదటి అంతస్తులో కూర్చోలేదు.

రెండో అంతస్తు మలుపులో అడుగుల చప్పుడు వినబడింది. కాత్యాయనిగారు కిందికి దిగుతున్నారు. చేతిలో పెట్టె లేదు. ఇద్దరూ ఒకేసారి ఆగారు. ఆయన గోడ పట్టుకుని మెట్టు మీద కూలబడ్డారు. ఆవిడ రెండు మెట్లు పైన కూర్చున్నారు. ఇద్దరూ రొప్పుతున్నారు.

అలవాటుకొద్దీ ఆయన నన్ను నోటిదగ్గరికి ఎత్తారు.

"అది పక్కన పెట్టండి," అన్నారు కాత్యాయనిగారు.

వేసవి తరవాత, కాలనీని మధ్యలో పెట్టకుండా, ఒకరితో ఒకరు మాట్లాడటానికి ముందుగా తెరుచుకున్న నోరు అది. ఆయన నన్ను మెట్టు మీద పెట్టారు.

"నీకు జ్వరమని నాకు నిజంగా తెలియదు, కాత్యాయనీ."

"తలుపు తీసి చూస్తే తెలిసేది."

"పడుకున్నావనుకున్నాను. అంతలో నువ్వు అలా రాశావు. అందరూ నవ్వారు. బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేశాను, ఎవరూ నన్ను చూసి నవ్వలేదు."

"నవ్వించడానికి రాశాననుకున్నారా?" ఆవిడ చీరకొంగు వేలికి చుట్టుకుంటున్నారు. "దాహమేసి రాశాను. రెండుసార్లు పిలిచాను. మీరు మందారపువ్వు వెతుక్కుంటున్నారు. ఆ ఫోన్లోకి వస్తేనైనా మీకు కనబడతానేమోనని రాశాను. అక్కణ్ణుంచి కూడా తీసేశారు."

ఆయన సూక్తులకు ఎప్పుడూ కొదవలేని మనిషి. ఈసారి చాలా మామూలుగా అన్నారు, "తప్పు చేశాను."

"ఇది వినబడింది," అన్నారావిడ.

"ఇప్పుడేమైనా కావాలా?"

"ఇప్పుడూ దాహంగానే ఉంది."

ఆయన లేచారు. మెట్ల కటకటాలు పట్టుకుని, ఒక్కో మెట్టుకూ ఒక మూలుగుతో పైకి వెళ్ళారు. బిందె మూత చప్పుడు, గ్లాసు చప్పుడు. ఆ రోజుల్లో మంచినీళ్ళు ట్యాంకరు దగ్గర పోట్లాడి తెచ్చుకున్నవి. చుక్క ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని దిగివచ్చారు. ఆవిడ సగం తాగి, సగం ఆయనకిచ్చారు. కింద మెట్ల మొదట్లో కాలనీ అంతా ఒకరి భుజం మీద ఒకరు గడ్డం పెట్టి వింటోంది. "ఏమైంది, ఏమైంది?" అని వెనకవాళ్ళు అడిగితే ముందువాళ్ళు, "నీళ్ళు తాగుతున్నారు," అని చెప్పారు. అది ఇంటినుంచి ఇంటికి పోయింది. సీ బ్లాకుకు చేరేసరికి, ట్యాంకు నిండిందట, నీళ్ళొస్తున్నాయట అయింది. అందరూ కొళాయిలు తిప్పారు.

అయినా కాత్యాయనిగారు రాజమండ్రి వెళ్ళారు. "పోట్లాడి కాదు. అక్కడ బోరుంది, తలంటుకోవచ్చు," అన్నారు. విశ్వపతిగారు ఆవిడ పెట్టెలో ఒక మూల తన రెండు చొక్కాలు కూడా కుక్కారు.

ఇద్దరూ గేటుదాకా వచ్చేసరికి నూకరత్నం ఎదురైంది. చెదిరిన జుట్టు, కాళ్ళనిండా బురద.

"ఇల్లెలా ఉందమ్మా?" అని అడిగారు కాత్యాయనిగారు.

"ఉన్నాదమ్మా. మా రేకులు ఎగిరిపోయి ఎవులింటి మీదో పడ్డాయి. ఎవులియో రేకులొచ్చి మా ఇంటి మీద పడ్డాయి. మావాటికన్నా ఇయ్యే మంచివి. ఆళ్ళొచ్చి అడిగేలోపు మేకులు కొట్టించేసినాను." అని, విశ్వపతిగారి చంకలో ఉన్న నన్ను చూసింది. "అయ్యో, నా మైకు మీకాడికి ఎలగొచ్చిందండి బాబు?"

ఆయన మొహం ఎర్రబడింది. నన్ను ఇచ్చేశారు. నూకరత్నం మీట నొక్కింది. నేను చప్పుడు చెయ్యలేదు. కడుపు విప్పి చూసింది. "కొత్త బేటరీలండి ఇయ్యి! గాలికి ముందే ఏసినాను. అన్నీ అయిపోడానికి దీంతో ఏటి సేసినారండీ?"

విశ్వపతిగారు బూటు చివర్లు చూసుకున్నారు. కాత్యాయనిగారు పెట్టె చేయి మార్చుకుని, "కాపురం చేశారమ్మా," అన్నారు.

కరెంటూ నెట్టూ వాళ్ళు రాజమండ్రిలో ఉండగానే వచ్చాయి. ఆ సంగతి నాకు తరవాత గున్నయ్య నూకరత్నానికి చెబుతుంటే తెలిసింది. ఫోన్లు పలకగానే కాలనీలో ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళి తలుపులు వేసుకున్నారు. వంశీధర్ లాగిన్ అయ్యాడు. తను ఇన్నాళ్ళూ రాలేదని ఆఫీసులో ఎవరూ గమనించనే లేదట, అది అతనికి తుఫానుకన్నా పెద్ద దెబ్బ. గ్రూపులో మొదట కనబడిన ముక్క, అడ్మిన్ కాత్యాయనిగారిని చేర్చారని. కాలనీ అంతా బొటనవేళ్ళు సిద్ధం చేసుకుంది. పెట్టేలోపల రెండో ముక్క కనబడింది. కాత్యాయనిగారు గ్రూపునుంచి వెళ్ళిపోయారని. ఆ వెనకే విశ్వపతిగారు ఒక్క వాక్యం రాశారు. "కొత్త అడ్మిన్‌ను ఎన్నుకోగలరు." పువ్వు కూడా పెట్టలేదు.

ఇప్పుడు నేను మళ్ళీ బండి మీద ఉన్నాను. మూతికి ఒకచోట చీలిక వచ్చింది, నూకరత్నం గుడ్డపేలిక చుట్టింది. అది చాలు, నాకు అందంతో పనిలేదు. మనుషుల చేతుల్లో ఇన్నాళ్ళు తిరిగి నేను గమనించింది ఒకటే. వాళ్ళకు పెద్ద గొంతు కావాలన్న కోరిక ఎప్పుడూ ఉంటుంది. దూరంగా ఉన్నవాళ్ళకోసం అనుకుంటారు. నన్ను ఎక్కువగా వాడుకున్నది మాత్రం ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు.

సింధుజ ఎన్‌క్లేవ్ వీధిలోకి మేము వారానికోసారి వెళతాం. గేటు దగ్గరికి రాగానే నూకరత్నం నన్ను ఆపేస్తుంది. పైన బీ బ్లాకు మూడో అంతస్తులో, పప్పులో ఉప్పెక్కువైందని ఆయనా, కళ్ళజోడు పెట్టుకుని తినమని ఆవిడా, కిటికీలన్నీ తెరిచి వాదించుకుంటూ ఉంటారు. వాళ్ళ ముందు నా గొంతు ఎక్కడ వినబడుతుంది? నూకరత్నం బండికి ఆనుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, ఆ పూట ఎవరు గెలుస్తారో తేలేదాకా నిలబడుతుంది.